కాలేజి ఫార్వర్డుకు ముందు దారి ఏది?

కోవిల్‌పట్టి అనగానే పై ఊళ్ళవారికి రెండు వస్తువులు గుర్తుకు వస్తాయి. ఒకటి అగ్గిపెట్టె, రెండవది కడలై మిఠాయి. ఆ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు కూడా లభించినది. ఊళ్ళో కాపురం ఉన్న మనకు మాత్రం మూడవది ఒకటి ఉన్నదని తెలుసు. అది హాకీ. సాయంకాలం పూట కర్ర భుజాన వేసుకొని మైదానానికి పోయే పిల్లలు లేని వీధి ఇక్కడ అరుదు. లక్ష్మీ అమ్మాళ్ స్మారక అఖిల భారత పోటీలు జరిగే రోజులలో, దూరదేశాల నుండి వచ్చిన జట్ల ఆట చూడడానికి చుట్టుపక్కల పల్లెల నుండి తాతలు మనుమలను వెంటబెట్టుకొని వస్తారు.

పోటీలు ముగిసి, బయటి జట్లు రైలెక్కి పోయిన తరువాత మన ఇళ్ళలో ఒక చర్చ మొదలవుతుంది. “ఏమండీ, మీరు ఆట తెలిసినవారు గదా. మావాడు బి.కాం. రెండవ సంవత్సరం. కాలేజి జట్టులో సెంటర్ ఫార్వర్డు. మొన్నటి పోటీలలో ఎనిమిది గోల్స్ కొట్టాడు. ఇందులో వాడికి బ్రతుకుదెరువు ఉన్నదంటారా, లేక కర్ర అటకమీద పెట్టించి బ్యాంకు పరీక్షలకు కూర్చోబెట్టమంటారా?” అని తండ్రి అడుగుతాడు. తల్లి అడిగేది వేరు: “మోకాలు విరిగితే రేపు వాణ్ణి ఎవరు చూస్తారు?” ఇంట్లో పెద్దావిడ ఇంకొక అడుగు ముందుకు వేసి, “ఆటగాడికి పిల్లనెవరిస్తారు నాయనా?” అంటుంది. ఈ మాటలు కోవిల్‌పట్టిలోనే కాదు, సాత్తూరులోను, విరుదునగర్‌లోను మన తెలుగు కుటుంబాలలో తరచు వినవచ్చేవే. వీటిని ఒక్క ‘ఔను’తో గాని, ఒక్క ‘కాదు’తో గాని తేల్చడం పిల్లవానికి న్యాయం కాదు. అందుచేత కాలేజి ఫార్వర్డును ఎట్లా అంచనా కట్టాలో, అతని ముందున్న దారులేవో, మాకు తెలిసినంతవరకు ఇక్కడ వివరిస్తున్నాము.

మొదట ఒక చిక్కు విప్పుకోవాలి. తండ్రి అడిగిన ఒక్క ప్రశ్నలో రెండు ప్రశ్నలు పెనవేసుకొని ఉన్నవి. వీడు దేశానికి ఆడతాడా అనేది ఒకటి. ఆటవలన వీడికి ఒక నిలకడైన జీవనం దొరుకుతుందా అనేది మరొకటి. మొదటిదానికి జవాబు ‘కాదు’ అయినా రెండవదానికి ‘ఔను’ కావచ్చు. ఈ రెంటిని వేరుచేయక పోవడం వల్లనే కొన్ని ఇళ్ళలో పిల్లవాణ్ణి ఆకాశానికి ఎత్తుతారు, కొన్ని ఇళ్ళలో కర్ర విరగ్గొడతారు.

ఇద్దరు ఫార్వర్డుల ఉదాహరణ

మన కళ్ళెదుట ఉన్న ఉదాహరణతోనే మొదలుపెడదాము. 2022 మే నెలలో జకార్తా నగరంలో ఆసియా కప్పు జరిగినప్పుడు భారత జట్టులో కోవిల్‌పట్టి శిక్షణ కేంద్రంలో రాటుదేలిన ఫార్వర్డులు ఇద్దరున్నారు. ఒకరు ఈ ఊరివాడే అయిన మారీశ్వరన్ శక్తివేల్. రెండవవాడు అరియలూరు ప్రాంతం నుండి వచ్చి ఇక్కడి తమిళనాడు క్రీడాభివృద్ధి సంస్థ వారి కేంద్రంలో చేరిన కార్తి సెల్వం. మే 23న పాకిస్తానుతో ఆట. కార్తి సెల్వం మొదటి పావులోనే గోలు చేశాడు. ఆ ఆట చివరకు 1–1గా ముగిసినది. మూడు రోజుల తరువాత ఇండోనేషియాతో ఆట. ముందుకు పోవాలంటే భారత జట్టు కనీసం పదిహేను గోల్స్ తేడాతో గెలవాలి; పదహారు కొట్టి గెలిచినది. అందులో రెండు కార్తివి. జూన్ 1న జపానును 1–0తో ఓడించి ఆ జట్టు కంచు పతకంతో తిరిగి వచ్చినది.

మరుసటి సంవత్సరం, 2023 ఆగస్టులో, ఆసియా చాంపియన్స్ ట్రోఫీ చెన్నైలోనే జరిగినది. ఆ జట్టులో కార్తి ఉన్నాడు, మారీశ్వరన్ లేడు. మలేషియాతో లీగు ఆటలో 5–0 గెలుపునకు మొదటి గోలు కార్తిది. ఆఖరి ఆటలో అదే మలేషియాను 4–3తో ఓడించి భారతదేశం కప్పు గెలిచినది. అయితే అదే 2023 జనవరిలో ఒడిశాలో జరిగిన ప్రపంచ కప్పులో గాని, తరువాత హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో గాని, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో గాని కార్తికి చోటు దొరకలేదు.

ఇది ఓటమి కథ కాదు. దేశం మొత్తం నుండి పారిస్‌కు వెళ్ళిన జట్టులో 16 మంది ఆటగాళ్ళు. అందులో ఫార్వర్డులు అయిదుగురే: మన్‌దీప్ సింగ్, లలిత్ ఉపాధ్యాయ్, అభిషేక్, సుఖ్‌జీత్ సింగ్, గుర్జంత్ సింగ్. పంజాబు, హర్యానా, ఒడిశా, జార్ఖండ్, కర్ణాటక, మన తమిళనాడు, ఇన్ని చోట్ల కర్ర పట్టిన ఫార్వర్డులందరికీ కలిపి అయిదు కుర్చీలు. ఒకే కేంద్రంలో తయారై, ఒకే పోటీలో దేశం తరఫున ఆడిన ఇద్దరిలో ఒకరి దారి మరుసటి సంవత్సరానికే వేరయినది. ఆ అంచుదాకా పోయి రావడమే సామాన్యం కాదు. కాని ఇంటి బడ్జెట్టు ఆ అయిదు కుర్చీలను నమ్ముకొని వేసుకోరాదు. నల్లరేగడి రైతు ఒక్క వాన చూసి విత్తనం చల్లడు గదా!

గోల్స్ లెక్క చాలదు

ఎనిమిది గోల్స్ కొట్టాడన్న మాటకు విలువ ఎంత? ఎవరిమీద కొట్టాడు, ఎట్లా కొట్టాడు అన్నదానిని బట్టి ఉంటుంది. జకార్తాలో ఇండోనేషియా మీద వచ్చిన రెండు గోల్స్ కంటె పాకిస్తాను మీద వచ్చిన ఒక్కటే ఎక్కువ చెబుతుంది. బలహీనమైన జట్టుమీద స్కోరు పెరిగే కొద్దీ ఫార్వర్డును గురించి మనకు తెలిసేది తగ్గుతుంది.

ఇంకొక లెక్క చూడండి. పారిస్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఎనిమిది ఆటలలో మొత్తం 15 గోల్స్ చేసి కంచు పతకం తెచ్చినది. వాటిలో 10 గోల్స్ చేసినవాడు నాయకుడు హర్మన్‌ప్రీత్ సింగ్. అతడు వెనుక వరుసలో నిలిచే రక్షకుడు. మరొక గోలు మధ్య వరుసలోని వివేక్ సాగర్ ప్రసాద్‌ది. అయిదుగురు ఫార్వర్డులు కలిసి చేసినవి నాలుగే: అభిషేక్‌వి రెండు, మన్‌దీప్‌ది ఒకటి, సుఖ్‌జీత్‌ది ఒకటి. మిగిలిన ఇద్దరికీ గోలే లేదు. ఐనా వారిని వ్యర్థులని ఎవరూ అనలేదు. ఎందుకు? హర్మన్‌ప్రీత్ కొట్టిన పెనాల్టీ కార్నర్లు, స్ట్రోకులు ఊరికే రాలేదు. ఫార్వర్డు బంతిని ‘డి’లోకి తీసుకుపోయి, రక్షకుణ్ణి తొందరపెట్టి, అతని కాలికి తగిలేటట్లో, తప్పు చేసేటట్లో చేస్తేనే కార్నరు వస్తుంది. ఈనాటి ఫార్వర్డు గోలు చేసేవాడు మాత్రమే కాదు, గోలు చేసే అవకాశం తెచ్చిపెట్టేవాడు.

మన పెద్దలు చూసిన ఆట వేరు. అప్పుడు మట్టి మీదనో గడ్డి మీదనో ఆడేవారు. ఆఫ్‌సైడు నిబంధన ఉండేది. సెంటర్ ఫార్వర్డు ముందర నిలబడి బంతి కోసం చూసేవాడు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ నుండి పెద్ద పోటీలు కృత్రిమ మైదానం మీదికి మారినవి. 1990ల చివరిభాగంలో ఆఫ్‌సైడు పోయినది. ఆటగాళ్ళను ఎన్నిసార్లయినా మార్చుకొనే వీలు వచ్చినది. ముప్పయి అయిదేసి నిమిషాల రెండు సగాలు పోయి, పదిహేనేసి నిమిషాల నాలుగు పావులు వచ్చినవి. ఫలితంగా ఫార్వర్డు కొన్ని నిమిషాలు ప్రాణం పెట్టి పరుగెత్తడం, బయటికి వచ్చి ఊపిరి తీసుకోవడం, మళ్ళీ లోపలికి పోవడం — ఇదే అతని పని అయినది. కోవిల్‌పట్టిలో కూడా కృత్రిమ మైదానం వచ్చినది గనుక మన పిల్లలకు ఈ ఆట చిన్ననాటి నుండే అలవాటు అవుతున్నది. ఇది చాలా ఊళ్ళకు లేని భాగ్యం.

గట్టుమీద కూర్చొని ఏమి చూడాలి?

ఆట తెలియని తండ్రి అయినా ఒక కాగితం, పెన్సిలు పట్టుకొని మూడు ఆటలు చూస్తే కొడుకును గురించి చాలా తెలుసుకోగలడు. గీయవలసిన గళ్ళు ఆరు.

మొదటిది, బంతి అందుకోవడం. నిలబడి అందుకొని తరువాత పరుగు మొదలుపెడుతున్నాడా, పరుగులోనే అందుకొని ముందుకు పోతున్నాడా? కృత్రిమ మైదానం మీద బంతి వేగం ఎక్కువ. మొదటి తాకుడులోనే బంతి అదుపులోకి రాకపోతే రెండవ అవకాశం రక్షకుడిదే.

రెండవది, ‘డి’లోకి ప్రవేశం. గోలు ముందరి ఆ వలయం లోపలినుండి కొడితేనే గోలు. ఆటలో ఎన్నిసార్లు బంతితో లోపలికి పోయాడు, ఎన్ని కార్నర్లు తెచ్చాడు అన్నది గోల్స్ పక్కనే వ్రాసుకోవాలి.

మూడవది, ఎడమవైపు ఆట. హాకీ కర్రకు ఒక ముఖమే చదును. కర్రను తిరగేసి ఎడమచేతి వైపు కూడా బంతిని ఆపి, కొట్టగలిగితేనే రక్షకుడికి అనుమానం పుడుతుంది. కుడివైపుకు మాత్రమే పోయే ఫార్వర్డును కాలేజి ఆటలో ఆపలేకపోవచ్చు గాని, బ్యాంకు జట్టులోని అనుభవజ్ఞుడు రెండు నిమిషాలలో కనిపెడతాడు.

నాలుగవది, బంతి పోయిన తరువాతి అయిదు క్షణాలు. ఇది అన్నిటికంటె ముఖ్యమని మా అభిప్రాయం. బంతి పోగానే నడుముమీద చేతులు పెట్టుకొని నిలబడేవాడు ఒక రకం. వెంటనే వెనుదిరిగి రక్షకుడి దారి మూసేవాడు ఇంకొక రకం. సెలక్టర్లు వెదికేది రెండవవాణ్ణి. గోల్స్ ఆ పూట అదృష్టాన్ని బట్టి రావచ్చు, రాకపోవచ్చు. ఈ అలవాటు మాత్రం రోజూ కనిపిస్తుంది.

అయిదవది, బంతి లేనప్పటి నడక. ఆఫ్‌సైడు లేని ఆటలో రక్షకుణ్ణి పక్కకు లాగుకొని పోయి తోటివానికి చోటు కల్పించడం కూడా ఫార్వర్డు పనే. చప్పట్లు రాని పని గనుక గట్టుమీది వారికి కనబడదు.

ఆరవది, నిగ్రహం. ఆకుపచ్చ కార్డు పడితే రెండు నిమిషాలు, పసుపు కార్డు పడితే కనీసం అయిదు నిమిషాలు బయట కూర్చోవాలి. అంతసేపు జట్టు పదిమందితో ఆడాలి. నోరు జారి కార్డు తెచ్చుకొనే ఫార్వర్డు ఎంత నేర్పరి అయినా పెద్ద జట్లకు బరువే.

మాదిరికి ఒక కుర్రవాడు

ఈ గళ్ళను నింపి చూద్దాము. ఊహకు ఒక ఇరవై ఏళ్ళ కుర్రవాణ్ణి తీసుకుందాము. ఊరి పోటీలలో ఎనిమిది గోల్స్. విడదీసి చూస్తే నాలుగు ఒక బలహీనమైన జట్టు మీద, రెండు పెనాల్టీ స్ట్రోకులు, నిజంగా పోరాడి సంపాదించినవి రెండు. మూడు ఆటలలో ‘డి’లోకి పదకొండుసార్లు పోయాడు, ఆరు కార్నర్లు తెచ్చాడు. పరుగు మెరుపు. ఎడమవైపు ఆట బలహీనం. బంతి పోతే మొదటి పావులో వెనక్కు వస్తాడు, నాలుగవ పావులో రాడు. కార్డులు లేవు.

ఇతణ్ణి గురించి మా అంచనా ఇది. ఎనిమిది గోల్స్ కంటె ఆ ఆరు కార్నర్లు మంచి సూచన. ఎడమవైపు ఆట నేర్పితే వచ్చేది. పద్ధతిగా సాధన చేస్తే సంవత్సరంలో మెరుగుపడుతుంది. నాలుగవ పావులో వెనక్కు రాకపోవడం దమ్ము కొరత అయితే అదీ సరిదిద్దుకోవచ్చు. బద్ధకం అయితే మాత్రం కష్టం. ఏది నిజమో అతని కోచ్ చెప్పగలడు. దేశానికి ఆడతాడా అంటే, చెప్పడానికి ఇప్పుడు ఆధారం లేదు. పైగా అప్పటికే జూనియర్ శిబిరాలలో ఉన్నవారు అతనికంటె ముందున్నారు. విశ్వవిద్యాలయ జట్టుకు, రాష్ట్ర జట్టుకు ఎదుగుతాడా అంటే, ఎదగవచ్చు. ఆటవలన ఉద్యోగం వస్తుందా అంటే, రెండు సంవత్సరాలు సరిగా వాడుకొంటే రావచ్చు. ఆ రెండు సంవత్సరాలూ ఎట్లా వాడాలో చెప్పాలంటే ఉద్యోగాల సంగతి చెప్పాలి.

బ్రతుకుదెరువు ఎక్కడ ఉన్నది?

మన దేశంలో హాకీ ఆటగాడి వృత్తి అంటే చాలామందికి ఉద్యోగమే. రైల్వేలు, బ్యాంకులు, పెట్రోలియం సంస్థలు, సైనిక దళాలు, పోలీసు శాఖ, ఆదాయపు పన్ను వంటి కేంద్ర శాఖలు జట్లను పోషిస్తున్నవి. ఆట ఉన్నంతకాలం ఆ సంస్థకు ఆడతాడు. ఆట ముగిసిన తరువాత అదే కార్యాలయంలో కుర్చీ ఉంటుంది, పదోన్నతి ఉంటుంది. తమిళనాడు ప్రభుత్వ ఉద్యోగాలలో కూడా క్రీడాకారులకు 3 శాతం కేటాయింపు ఉన్నది. ఊళ్ళో వేసవి పోటీలకు వచ్చే జట్లను గమనించండి. వారిలో ఎక్కువమంది నెల జీతం తీసుకొనే ఉద్యోగులే.

రైల్వే క్రీడా కోటా నియామకాన్ని ఉదాహరణగా చూస్తే సంగతి స్పష్టమవుతుంది. నూరు మార్కులలో 50 క్రీడా విజయాలకు, 40 మైదానంలో పెట్టే పరీక్షకు, 10 చదువుకు. వయస్సు సాధారణంగా 18కి పైన, 25కి లోపల. విజయాలు కూడా ఇటీవలి రెండు మూడు సంవత్సరాలలోనివై ఉండాలి. ఇందులో మన కుటుంబాలు గట్టిగా పట్టుకోవలసిన విషయాలు మూడున్నవి.

మొదటిది: అలమారలో మెరిసే కప్పులన్నీ విజయాలుగా లెక్కకు రావు. ఊరి పోటీలలో ‘ఉత్తమ ఆటగాడు’ బిరుదుకు ఆ 50 మార్కులలో చోటు ఉండదు. రాష్ట్రం తరఫున జాతీయ పోటీలలో, విశ్వవిద్యాలయం తరఫున అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీలలో జట్టు సాధించిన స్థానానికి విలువ. కోవిల్‌పట్టి కాలేజీల పిల్లవాడు తిరునెల్వేలి మనోన్మణీయం సుందరనార్ విశ్వవిద్యాలయ జట్టులోకి, విరుదునగర్ పిల్లవాడు మదురై కామరాజ్ విశ్వవిద్యాలయ జట్టులోకి చేరడం — అదీ మొదటి మెట్టు. వేసవిలో ఏడు ఊళ్ళు తిరిగి బహుమతులు తెచ్చుకోవడం కంటె ఆ ఎంపిక పరీక్ష నాటికి కాళ్ళు తాజాగా ఉంచుకోవడం మేలు.

రెండవది: చదువుకు పది మార్కులే గదా అని తేలికగా తీసుకోరాదు. రైల్వేలో పై మెట్టు ఉద్యోగానికి డిగ్రీ అవసరం. ఒకే ఆట, ఒకే నేర్పు ఉన్న ఇద్దరిలో డిగ్రీ పూర్తిచేసినవాడు ఒక మెట్టు పైన చేరతాడు. ఆట ముగిసి ముప్పయి ఏళ్ళు అదే ఆఫీసులో పనిచేసేటప్పుడు ఆ మెట్టు విలువ తెలుస్తుంది. “ఆడుతున్నాడు గదా, చదువెందుకు?” అనే తండ్రి, “చదువుతున్నాడు గదా, ఆటెందుకు?” అనే తండ్రి ఇద్దరూ పిల్లవాడి చేతిలోని రెండు అణాలలో ఒకటి పారవేయిస్తున్నవారే.

మూడవది: గడువు. ఇరవై అయిదు దాటితే ఈ తలుపులలో చాలావరకు మూసుకొంటాయి. బి.కాం. రెండవ సంవత్సరంలో ఉన్నవానికి మిగిలినవి నాలుగయిదు సంవత్సరాలు. అందుచేత “చూద్దాంలే” అనే మాట ఇక్కడ పనికిరాదు.

లీగు సంగతి

ఇప్పుడు పిల్లల నోట లీగు మాట ఎక్కువగా వినవస్తున్నది. హాకీ ఇండియా లీగు 2013లో మొదలై 2017తో ఆగి, 2024 డిసెంబరు 28న మళ్ళీ ప్రారంభమయినది. ఆ అక్టోబరులో ఢిల్లీలో జరిగిన వేలంలో హర్మన్‌ప్రీత్‌కు 78 లక్షలు, ఫార్వర్డు అభిషేక్‌కు 72 లక్షలు పలికినవి. ఈ అంకెలు విని కళ్ళు చెదరడం సహజమే. మిగిలిన అంకెలు కూడా వినాలి. కనీస ధర రెండు లక్షల నుండి మొదలు. ఎనిమిది పురుషుల జట్లు. ఒక్కొక్క జట్టుకు 24 మంది, అందులో భారతీయులు కనీసం 16 మంది. అంటే దేశంలోని ఆటగాళ్ళందరికీ ఇంచుమించు 128 చోట్లు. గోల్‌కీపర్లు, రక్షకులు, మధ్యవరుస వారు పోను ఫార్వర్డులకు మిగిలేది అందులో ఒక భాగం. ఆ మొదటి సంవత్సరం ఆట జరిగినది అయిదు వారాలు. ఆగిన ఏడు సంవత్సరాలలో లీగు మీదనే ఆధారపడవలసి వస్తే ఆటగాడు ఏమి తిని ఉండేవాడు? కనుక లీగు డబ్బు పండుగనాటి పాయసం, ఉద్యోగం రోజువారీ అన్నం.

అయినా లీగును చిన్నచూపు చూడకూడదు. ప్రతి జట్టులోను నలుగురు జూనియర్లు ఉండి తీరాలన్న నియమం కాలేజి వయస్సు పిల్లలకు ఒక కిటికీ తెరిచినది. ప్రపంచపు మేటి ఆటగాళ్ళతో ఒకే గదిలో బట్టలు మార్చుకొని, వారి సాధన దగ్గరగా చూడడం డబ్బుకు దొరికేది కాదు. తమిళనాడు డ్రాగన్స్ జట్టులో కార్తి సెల్వం ఆడాడు. ఆ సంవత్సరం మన తెలుగునాట నుండి హైదరాబాద్ తూఫాన్స్, విశాఖపట్నం పేర గోనాసిక జట్లు దిగినవి. 2025 ఫిబ్రవరి 1న రూర్కేలాలో జరిగిన ఆఖరి ఆటలో హైదరాబాద్ 3–4తో బెంగాల్ చేతిలో ఓడి రెండవ స్థానం పొందినది. అదే సంవత్సరం చివరలో జూనియర్ ప్రపంచ కప్పు చెన్నైలోను, మనకు దగ్గరిదైన మదురైలోను జరిగినది. మన పిల్లలు పెద్ద ఆటను పేపరులో చదివే రోజులు పోయి, బస్సెక్కి పోయి చూసే రోజులు వచ్చినవి.

తెలుగువారికి హాకీ కొత్త కాదని కూడా పిల్లలకు చెప్పాలి. హైదరాబాదువాడైన ఎన్. ముకేశ్ కుమార్ ఫార్వర్డుగానే 1992, 1996, 2000 ఒలింపిక్స్ మూడింటిలోను ఆడి, అర్జున, పద్మశ్రీ పొందాడు. చిత్తూరు జిల్లా నుండి వచ్చిన ఎతిమరపు రజని భారత మహిళల జట్టుకు గోల్‌కీపరుగా నిలిచినది. 2025లో మహిళలకు కూడా నాలుగు జట్లతో లీగు మొదలయినది. అందుచేత ఈ వ్యాసంలో ‘కుర్రవాడు’ అన్నచోటల్లా ‘అమ్మాయి’ అని కూడా చదువుకోవలసినదిగా మనవి. మన ఇళ్ళలో ఆడపిల్ల కర్ర పడితే అంచనా వేయడం కూడా మానివేసి నేరుగా తీర్పు చెప్పేస్తున్నారు. అది సరికాదు.

ఇంట్లో తీసుకోవలసిన నిర్ణయం

ఇక ఆ తండ్రి ప్రశ్నకు వద్దాము. కర్ర అటకమీద పెట్టించవద్దు, పుస్తకాలూ కట్టిపెట్టించవద్దు. ఇరవై ఏళ్ళ ఫార్వర్డుకు రెండు సంవత్సరాల ఒప్పందం ఇవ్వండి. ఇంటిల్లిపాది కూర్చొని దానిని మాటగా కాక, ఒక కాగితం మీద వ్రాసుకోవడం మంచిది.

మొదటి సంవత్సరం ముగిసేనాటికి విశ్వవిద్యాలయ జట్టులో చోటు. పరీక్షలలో ఏ పేపరూ మిగలరాదు. రెండవ సంవత్సరం ముగిసేనాటికి డిగ్రీ చేతికి రావాలి. రాష్ట్ర జట్టు ఎంపిక శిబిరందాకానైనా పోయి ఉండాలి. లెక్కకు వచ్చే ధ్రువపత్రం ఒకటి సంపాదించాలి. ఇవి నెరవేరితే ఇరవై అయిదు వరకు ఆటకు మొదటి చోటు ఇవ్వండి, క్రీడా కోటా ప్రకటన వచ్చినప్పుడెల్లా దరఖాస్తు పెట్టించండి. నెరవేరకపోతే ఆటను సాయంకాలానికి మార్చి, పోటీ పరీక్షలకు ఉదయం ఇవ్వమనండి. అప్పటికీ వాడికి ఇరవై రెండే. ఏమీ పోలేదు. క్రమంగా లేవడం, గెలుపు ఓటములు సమంగా తీసుకోవడం, పదిమందితో కలిసి పనిచేయడం వాడికి అలవాటయి ఉంటాయి. ఆ అలవాట్లకు ఏ దుకాణంలోనైనా, ఏ ఆఫీసులోనైనా గిరాకీ ఉన్నది.

తల్లి అడిగిన మోకాలి సంగతి తేలికైనది కాదు. ఆగి తిరిగే ఆటలో మోకాలికి, చీలమండకు, తొడ కండరాలకు దెబ్బ సహజం. నొప్పిని దాచి ఆడే కుర్రవాడు వీరుడు కాడు. మరుసటి సంవత్సరపు ఆటను ఈ పూట ఖర్చుచేస్తున్నవాడు. సాధనకు ముందు ఒళ్ళు వేడెక్కించడం, తొడలకు బలం పెంచే వ్యాయామం, దెబ్బ తగిలితే డాక్టరు చెప్పినన్నాళ్ళు విశ్రాంతి, ఈ మూడూ ఒప్పందంలో భాగం కావాలి. ఇంట్లో పప్పు, గుడ్డు, పాలు, అరటిపండు సమయానికి అందితే ఖరీదైన డబ్బాల పొడుల అవసరం ఉండదు. పెద్దావిడ అడిగిన పెళ్ళి సంగతి మాత్రం, రైల్వేలో ఉద్యోగం వచ్చిన నాడు దానంతటదే తేలిపోతుంది!

తండ్రులకు ఒక్క మాట చెప్పి ముగిస్తాము. ఆటనుండి వచ్చిన బిడ్డను గుమ్మంలోనే “ఎన్ని గోల్స్ కొట్టావు?” అని అడగడం మన అలవాటు. ఆ ప్రశ్న విని విని పిల్లవాడు తోటివానికి ఇవ్వవలసిన బంతిని తానే కొట్టడం నేర్చుకొంటాడు. సెలక్టరు కంటికి మొదట పడే లోపం అదే. రేపటి నుండి ప్రశ్న మార్చి చూడండి. “ఇవాళ ఎన్ని కార్నర్లు తెచ్చావు నాయనా, బంతి పోయినప్పుడు ఎన్నిసార్లు వెనక్కు వచ్చావు?” అని అడగండి.